పవర్‌లిఫ్టింగ్ పోటీ

పవర్‌లిఫ్టింగ్ అనునది స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ అనే మూడు విధాలుగా ఇనుప బరువులను ఎత్తే బలప్రధానమైన క్రీడ. పోటీలో ప్రతి క్రీడాకారునికి ఒక్కొక్క విధానంలో మూడు చొప్పున మొత్తం తొమ్మిది ప్రయత్నాలు లభిస్తాయి. ఒక్కొక్క విధానంలో న్యాయనిర్ణేతలు ఆమోదించిన అత్యధిక బరువును తీసుకొని, ఆ మూడింటిని కలుపగా వచ్చిన సంఖ్యను టోటల్ అంటారు. ఒకే శరీరబరువు వర్గంలో ఎక్కువ టోటల్ సాధించినవారు విజేతలు. పోటీదారులలో అత్యధికులు చదువో, ఉద్యోగమో చేసుకుంటూ, ప్రవేశ రుసుము తామే చెల్లించి పాల్గొనే ఔత్సాహికులు.

వ్యాయామశాలలో ఎంత బరువు ఎత్తారన్నది పోటీలో లెక్కలోనికి రాదు. నిర్ణీత సమయంలో, నిర్ణీత రీతిలో, ముగ్గురు న్యాయనిర్ణేతల ఎదుట ఎత్తినదే లెక్క. తొలిసారి బరిలోనికి దిగినవారు బలం చాలక కంటె నియమం మరచిపోయియో, మొదటి బరువును అత్యాశతో ఎంచుకొనియో విఫలమగుట ఈ క్రీడలో తరచు కనబడే విషయం.

ఈ వ్యాసంలో పేర్కొన్న నియమాలు అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య (ఐ.పి.ఎఫ్.) నియమాలు. ఇతర సమాఖ్యల నియమాలలో కొద్దిపాటి తేడాలు ఉంటాయి.

వెయిట్‌లిఫ్టింగ్‌తో పోలిక

ఈ రెండు క్రీడలను ఒకటిగా భావించుట పరిపాటి. ఒలింపిక్ క్రీడలలో ఉన్నది వెయిట్‌లిఫ్టింగ్. అందులో స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ అను రెండు విధాలు మాత్రమే ఉంటాయి. రెండింటిలోను బరువును తలపైకి ఎత్తి నిలుపవలెను. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచినది ఈ క్రీడలోనే. పవర్‌లిఫ్టింగ్‌లో బరువు తలపైకి పోదు. వేగానికి, ఒడుపుకు ప్రాధాన్యం తక్కువ. కాళ్ళు, నడుము, వీపు, ఛాతీ, భుజాల బలానికి ప్రాధాన్యం ఎక్కువ. అందుచేత పేరులో 'పవర్' ఉన్నప్పటికీ, భౌతికశాస్త్రంలో ఆ పదానికి గల అర్థం (నిర్ణీత కాలంలో జరిగే పని) వెయిట్‌లిఫ్టింగ్‌కే బాగా వర్తిస్తుందని క్రీడాశాస్త్రం చదివినవారు చమత్కరిస్తుంటారు.

పవర్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో లేదు. అయితే 1981లో అమెరికాలోని శాంటా క్లారాలో జరిగిన మొదటి ప్రపంచ క్రీడల (వరల్డ్ గేమ్స్) నుండి అందులో ఒక అంశంగా ఉన్నది. పారాలింపిక్స్‌లో 1984 నుండి పవర్‌లిఫ్టింగ్ పేరుతో జరుగుతున్న పోటీలో బెంచ్ ప్రెస్ ఒక్కటే ఉంటుంది.

చరిత్ర

20వ శతాబ్దపు పూర్వార్ధంలో అమెరికా, బ్రిటన్ దేశాలలోని వెయిట్‌లిఫ్టర్లు తమ సాధనలో భాగంగా అనేక ఇతర ఎత్తులు ఎత్తేవారు. ఒలింపిక్ జాబితాలో లేనందున వీటిని అమెరికాలో 'ఆడ్ లిఫ్ట్స్' (విడి ఎత్తులు) అనేవారు. 1950, 1960 దశకాలలో వీటికి ఆదరణ పెరిగి, చివరకు మూడు ఎత్తులు స్థిరపడినవి. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని యార్క్ పట్టణంలో బార్‌బెల్ తయారీ సంస్థ నడిపిన బాబ్ హాఫ్‌మన్ ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్‌కే ప్రధాన పోషకుడైనప్పటికీ, ఈ కొత్త క్రీడకు వేదిక కల్పించినది కూడ ఆయనే. 1964లో అక్కడ ఒక అనధికార జాతీయ పోటీ జరిగినది. 1965లో అదే పట్టణంలో అమెరికా అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ గుర్తింపుతో మొదటి అధికారిక జాతీయ పోటీ జరిగినది. 1971 నవంబరులో మొదటి ప్రపంచ పోటీకి కూడ యార్క్ పట్టణమే వేదిక అయినది.

1972లో ఐ.పి.ఎఫ్. ఏర్పడినది. మరుసటి సంవత్సరం హారిస్‌బర్గ్‌లో ఆ సమాఖ్య ఆధ్వర్యంలో ప్రపంచ పోటీలు జరిగినవి. స్త్రీలకు ప్రత్యేకంగా ప్రపంచ పోటీలు 1980లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లోవెల్‌లో మొదలైనవి. తొలి తరం క్రీడాకారులలో జపాన్‌కు చెందిన హిదెయాకి ఇనాబా తేలిక వర్గంలో 17 సార్లు ప్రపంచ విజేతగా నిలిచాడు. అమెరికాకు చెందిన లామర్ గాంట్ 1985లో సుమారు 60 కిలోల శరీరబరువుతో 300 కిలోల డెడ్‌లిఫ్ట్ చేసి, తన బరువుకు ఐదు రెట్లు ఎత్తిన మొదటి వ్యక్తిగా ప్రసిద్ధికెక్కాడు. ఇతనికి వెన్నెముక వంకర (స్కోలియోసిస్) ఉండేది.

1980 దశకం ప్రారంభంలో క్రీడ చీలికలకు లోనయినది. ఉత్ప్రేరకాల పరీక్ష కావాలనేవారికి, వద్దనేవారికి మధ్య ఏర్పడిన విభేదం దీనికి ప్రధాన కారణం. అమెరికాలో 1981లో పరీక్షలను తప్పనిసరి చేస్తూ ఒక సంఘం పుట్టినది. 1986లో వరల్డ్ పవర్‌లిఫ్టింగ్ కాంగ్రెస్ అనే మరొక అంతర్జాతీయ సంస్థ వెలసినది. తరువాతి కాలంలో ఇంకా అనేకం వచ్చినవి. ఫలితంగా ఒకే బరువు వర్గంలో పలువురు ప్రపంచ విజేతలు ఉండే విచిత్ర స్థితి ఈ క్రీడకు ఏర్పడినది.

రెండవ మార్పు దుస్తులకు సంబంధించినది. అదే దశకంలో అమెరికాకు చెందిన జాన్ ఇన్‌జర్ రూపొందించిన బెంచ్ షర్టు వంటి బిగుతైన, గట్టి వస్త్రాలు వ్యాప్తిలోనికి వచ్చినవి. ఇవి బరువు దిగేటప్పుడు సాగి, పైకి లేచేటప్పుడు స్ప్రింగువలె తోడ్పడతాయి. బలం మనిషిదా, బట్టదా అన్న వాదం చాలాకాలం సాగినది. చివరకు 2013లో రష్యాలోని సుజ్దల్‌లో, అటువంటి దుస్తులు లేకుండా జరిగే 'క్లాసిక్' విభాగానికి ఐ.పి.ఎఫ్. ప్రత్యేకంగా ప్రపంచ పోటీలు నిర్వహించినది. తరువాత ఔత్సాహికులలో అత్యధికులు ఈ విభాగానికే మొగ్గినారు. వ్యయం తక్కువగా ఉండుట, దుస్తులు తొడుగుటకు మరొక ఇద్దరి సహాయం అవసరం లేకపోవుట ఇందుకు కారణాలు.

వర్గాలు, సామగ్రి

2011లో ఐ.పి.ఎఫ్. బరువు వర్గాలను సవరించి పురుషులకు 59, 66, 74, 83, 93, 105, 120 కిలోలు, ఆపైన అని ఎనిమిది వర్గాలను నిర్ణయించినది. స్త్రీల వర్గాలు 2021 సవరణ తరువాత 47, 52, 57, 63, 69, 76, 84 కిలోలు, ఆపైన అని ఎనిమిదయినవి. వయసును బట్టి 14-18 ఏళ్ళవారికి సబ్‌జూనియర్, 19-23 ఏళ్ళవారికి జూనియర్, 40 ఏళ్ళు నిండినవారికి మాస్టర్స్ విభాగాలు కలవు. మాస్టర్స్‌లో 70 ఏళ్ళు పైబడినవారికి కూడ ప్రత్యేక విభాగం ఉన్నది.

బార్ బరువు 20 కిలోలు. ప్లేట్లు జారిపోకుండా రెండు చివరల బిగించే కాలర్లు ఒక్కొక్కటి 2.5 కిలోలు. అంటే ప్లేట్లు లేని బారే 25 కిలోలు తూగుతుంది. 25 కిలోల ప్లేటు ఎరుపు, 20 కిలోలది నీలం, 15 కిలోలది పసుపు రంగులో ఉంటాయి. ఉదాహరణకు 142.5 కిలోలు కావలెనంటే ఒక్కొక్క వైపు 25, 25, 5, 2.5, 1.25 కిలోల ప్లేట్లు వేస్తారు. కాలర్లు వాడని వ్యాయామశాలలో సాధన చేసినవారు ఈ 5 కిలోల తేడాను మరచి లెక్క తప్పుట కద్దు.

క్లాసిక్ విభాగంలో ఒంటికి అతుక్కొని ఉండే సింగ్లెట్, టీషర్టు, 10 సెంటీమీటర్లకు మించని వెడల్పుగల నడుము పట్టీ (బెల్టు), మణికట్టు పట్టీలు, మోకాలి తొడుగులు అనుమతింపబడతాయి. డెడ్‌లిఫ్ట్‌లో మోకాలి కిందివరకు వచ్చే మేజోళ్ళు ధరించవలెను. బార్ ముంగాలికి రాసుకొని చర్మం చీలినప్పుడు రక్తం బార్‌కు అంటకుండుటకు ఈ నియమం. చేతులకు చాక్ పొడి, తొడలకు టాల్కం పొడి రాసుకోవచ్చును. నూనె వంటి జారుడు పదార్థాలు నిషిద్ధం.

తూకం

పోటీ ప్రారంభానికి రెండు గంటల ముందు తూకం మొదలై గంటన్నరపాటు సాగుతుంది. ఈ సమయంలోనే లిఫ్టర్ మూడు ఎత్తులకు తన మొదటి బరువులను చెప్పవలెను. స్క్వాట్ స్టాండ్ల ఎత్తు, బెంచ్ స్టాండ్ల ఎత్తు కూడ ముందుగా కొలిచి నమోదు చేయించుకోవలెను. స్టాండు ఒక మెట్టు ఎక్కువగా ఉంటే మునివేళ్ళపై నిలిచి బార్ దింపుకోవలసి వస్తుంది. ఎత్తు మొదలు కాకముందే బలం వృథా అవుతుంది.

వర్గపు పరిమితికి 100 గ్రాములు ఎక్కువ ఉన్నా అంగీకరించరు. గంటన్నర ముగిసేలోగా తగ్గి మళ్ళీ తూగవచ్చును. ఇందుకై కొందరు నీరు మానుట, ఆవిరి గదిలో కూర్చుండుట వంటివి చేస్తారు. తూకానికి, మొదటి స్క్వాట్‌కు మధ్య వ్యవధి రెండు గంటలే కనుక కోల్పోయిన నీటిని పూర్తిగా భర్తీ చేసుకొనుట కష్టం. ముందురోజే తూకం జరిపే సమాఖ్యలలో ఈ ఆచారం ఇంకా ఎక్కువ. మొదటిసారి పోటీ చేసేవారు తమ సహజ బరువుకు తగిన వర్గంలోనే పాల్గొనుట మేలని శిక్షకులు దాదాపు ఏకగ్రీవంగా చెబుతారు.

పోటీ జరిగే తీరు

లిఫ్టర్లను పది, పన్నెండు మంది చొప్పున బృందాలుగా విభజిస్తారు. వీటిని ఫ్లైట్లు అంటారు. బృందంలో అందరి మొదటి ప్రయత్నాలు ముగిసిన తరువాత రెండవ ప్రయత్నాలు, ఆపైన మూడవవి జరుగుతాయి. ప్రతి ఆవృత్తిలో తక్కువ బరువు కోరినవారు ముందు ఎత్తుతారు. కనుక ఒక ఆవృత్తిలో బార్ బరువు పెరుగుతూ పోవునే తప్ప తగ్గదు. ఇద్దరు ఒకే బరువు కోరితే లాటరీ సంఖ్య తక్కువగా వచ్చినవారు ముందు వస్తారు.

బార్ సిద్ధమైనదని ప్రకటించగానే గడియారం నడుస్తుంది. ఒక నిమిషంలోపల ప్రయత్నం ప్రారంభించవలెను. ఎత్తు ముగిసిన తరువాత తరువాతి బరువును చెప్పుటకు మరొక నిమిషం మాత్రమే ఉంటుంది. చెప్పకపోతే, సఫలమైనవారికి 2.5 కిలోలు కలుపుతారు; విఫలమైనవారికి అదే బరువు మళ్ళీ వస్తుంది. ఆయాసపడుతూ దిగివచ్చిన లిఫ్టర్‌కు ఈ నిమిషం గడచినట్లే తెలియదు. అందువలన అనుభవజ్ఞుడైన ఒక మిత్రుడో, శిక్షకుడో వెంట ఉండి అధికారుల బల్లవద్దకు బరువు కాగితం అందజేయుట ఆనవాయితీ.

ముగ్గురు న్యాయనిర్ణేతలు ఒకరు ఎదుట, ఇద్దరు పక్కల కూర్చుంటారు. తెల్లదీపం ఆమోదం, ఎర్రదీపం నిరాకరణ. రెండు తెల్లదీపాలు వస్తే ఎత్తు చెల్లినట్లే. బార్‌కు ఇరుపక్కల నిలిచి ప్లేట్లు మార్చే సహాయకులే ప్రమాద సమయంలో బార్‌ను పట్టుకుంటారు. ఎత్తు పూర్తి కాకముందే వీరి చేయి బార్‌కు తగిలితే ఆ ప్రయత్నం చెల్లదు.

మూడు ఎత్తులు

స్క్వాట్: బార్‌ను మెడ దిగువన భుజాలపై మోపుకొని, స్టాండ్లనుండి వెనుకకు జరిగి, మోకాళ్ళు బిగించి నిలబడవలెను. ప్రధాన న్యాయనిర్ణేత 'స్క్వాట్' అన్న తరువాతే కిందికి దిగవలెను. తొడ పైభాగం తుంటి కీలువద్ద మోకాలి పైభాగం కంటె కిందికి చేరేంత లోతుగా కూర్చొని లేవవలెను. గుంజీలు తీసిన ప్రతివారికి ఈ కదలిక పరిచితమే. కాని భుజాలపై రెండింతల శరీరబరువు ఉన్నప్పుడు లోతు సరిపోయినదా లేదా అన్నది లిఫ్టర్‌కు స్వయంగా తెలియుట కష్టం. పక్కనుండి చూచే ఇద్దరికే అది స్పష్టంగా కనబడుతుంది. ఈ ఎత్తులో నిరాకరణలకు ముఖ్యకారణం లోతు చాలకపోవుటే. లేచి నిలిచిన తరువాత 'ర్యాక్' అనే ఆజ్ఞ వచ్చువరకు కదలరాదు. ఎంతో శ్రమించి లేచి, సంతోషంలో ఆజ్ఞకు ముందే అడుగు ముందుకు వేసి బరువును కోల్పోయినవారు ప్రతి పోటీలోను కనబడతారు.

బెంచ్ ప్రెస్: బల్లపై వెల్లకిల పడుకొని, చేతులు చాచి బార్‌ను పట్టుకొని, ఛాతీమీదికి దింపి మళ్ళీ పైకి నెట్టవలెను. తల, భుజాలు, పిరుదులు బల్లను, పాదాలు నేలను వీడరాదు. చూపుడు వేళ్ళ మధ్య దూరం 81 సెంటీమీటర్లకు మించరాదు. బొటనవేలు తప్పక బార్‌ను చుట్టి ఉండవలెను. లేనియెడల బార్ జారి ఛాతీపై పడే ప్రమాదం కలదు. ఇందులో ఆజ్ఞలు మూడు: 'స్టార్ట్', 'ప్రెస్', 'ర్యాక్'. బార్ ఛాతీపై నిశ్చలంగా ఆగినదని చూచిన తరువాతే 'ప్రెస్' అంటారు. వ్యాయామశాలలో ఛాతీపైనుండి బార్‌ను ఎగురవేసే అలవాటున్నవారికి ఈ క్షణకాలపు ఆగుట పెద్ద పరీక్ష. నడుమును బాగా విల్లువలె వంచి బార్ ప్రయాణాన్ని కొద్ది అంగుళాలకు తగ్గించుట ఎక్కువైనందున, 2023 నుండి మోచేతి కీలు అడుగుభాగం భుజం కీలు పైభాగానికి సమంగా గాని కిందికి గాని రావలెనని ఐ.పి.ఎఫ్. నియమం చేసినది.

డెడ్‌లిఫ్ట్: నేలపైనున్న బార్‌ను వంగి పట్టుకొని నిటారుగా నిలబడుట. ప్రారంభానికి ఆజ్ఞ లేదు. మోకాళ్ళు బిగించి, భుజాలు వెనుకకు తెచ్చి నిలిచిన తరువాత 'డౌన్' అంటారు. అప్పుడు రెండు చేతులతో పట్టు వీడక బార్‌ను కిందికి దింపవలెను, పడవేయరాదు. ఎత్తేటప్పుడు బార్ మధ్యలో కిందికి జారినా, తొడలపై ఆనించి నెట్టినా చెల్లదు. పాదాలు దగ్గరగా పెట్టే పద్ధతి, కాళ్ళు బాగా ఎడంగా పెట్టే 'సుమో' పద్ధతి రెండూ అనుమతింపబడినవే. సుమో పద్ధతి న్యాయమా అన్న చర్చ అభిమానులలో తెగదు. నియమావళికి మాత్రం ఆ సందేహం లేదు.

బరువుల ఎంపిక

ఒక ఎత్తులో మూడు ప్రయత్నాలూ విఫలమైతే లిఫ్టర్‌కు టోటల్ ఉండదు. దీనిని 'బాంబ్ అవుట్' అంటారు. స్క్వాట్‌లో ఇది జరిగితే నెలల తరబడి చేసిన సాధన అరగంటలో ముగిసిపోతుంది. ఒకసారి కోరిన బరువుకంటె తక్కువ బరువును తరువాతి ప్రయత్నంలో కోరుటకు వీలు లేదు. అందువలన మొదటి బరువు ఎంపికే పోటీలో అన్నిటికంటె ముఖ్యమైన నిర్ణయం.

సాధనలో 150 కిలోల స్క్వాట్ చేసిన ఇద్దరిని ఊహిద్దాం. మొదటివాడు 135 కిలోలతో మొదలుపెట్టి, 145కు, ఆపైన 152.5కు పోతాడు. మూడవది తప్పినా అతనికి 145 మిగులుతుంది. రెండవవాడు 150తోనే మొదలుపెట్టి లోతు చాలక విఫలమవుతాడు. అతడు మిగిలిన రెండు ప్రయత్నాలు 150 లేదా అంతకుమించిన బరువుతోనే, అలసిన కాళ్ళతో చేయవలెను. ఏ రోజైనా, నిద్ర చాలకపోయినా, మూడుసార్లు వరుసగా ఎత్తగల బరువుతోనే మొదలుపెట్టమని చెప్పుట ఇందుకే. మొదటి ప్రయత్నపు బరువును బృందం ప్రారంభానికి మూడు నిమిషాల ముందువరకు ఒకసారి మార్చుకొనే వీలున్నది. వార్మప్‌లో బరువుగా తోచినవారు మొహమాటపడక దీనిని వాడుకోవలెను.

పోటీ రసవత్తరమయ్యేది డెడ్‌లిఫ్ట్ మూడవ ఆవృత్తిలో. ఈ ఒక్కచోట బరువును రెండుసార్లు మార్చుకోవచ్చును. స్క్వాట్, బెంచ్ ప్రెస్ కలిపి ఒకరికి 250, మరొకరికి 240 కిలోలు ఉన్నవనుకుందాం. మొదటి వ్యక్తి రెండవ ప్రయత్నంలో 200 ఎత్తితే టోటల్ 450. రెండవ వ్యక్తి 210 ఎత్తితే సమానమవుతాడు. కాని టోటల్ సమానమైనప్పుడు తూకంలో తేలికగా ఉన్నవారిదే గెలుపు. తాను బరువైనవాడైతే 212.5 ఎత్తవలెను. ఈలోగా మొదటి వ్యక్తి మూడవ ప్రయత్నంలో 205 ఎత్తి 455కు చేరితే, ఆ సంఖ్య వెంటనే 217.5కు మారుతుంది. ఉదయం తూకంలో తేలిన కొద్ది గ్రాముల తేడా సాయంత్రం 2.5 కిలోల ఇనుముగా మారి బార్‌పైకి ఎక్కుట ఈ క్రీడలోని విశేషం.

ఫలితాలు

వర్గాలవారీ విజేతలు కాక, అందరిలోకి ఉత్తమ లిఫ్టర్‌ను కూడ ఎంపిక చేస్తారు. 60 కిలోల మనిషిని, 110 కిలోల మనిషిని పోల్చుటకు ఒక సూత్రం కావలెను. ఆస్ట్రేలియాకు చెందిన రాబర్ట్ విల్క్స్ రూపొందించిన గుణకాలు చాలాకాలం వాడుకలో ఉండేవి. ఐ.పి.ఎఫ్. 2019లో వీటిని మార్చి, తిరిగి 2020లో గుడ్‌లిఫ్ట్ పాయింట్లను ప్రవేశపెట్టినది. ఏ సూత్రమూ అందరినీ తృప్తిపరచలేదు. ఔత్సాహికుల పోటీలలో బహుమతి సాధారణంగా పతకం, ధ్రువపత్రం మాత్రమే.

ఉత్ప్రేరకాలు

ఐ.పి.ఎఫ్. ప్రపంచ ఉత్ప్రేరక నిరోధక సంస్థ నియమావళిని పాటిస్తుంది. భారతదేశంలో ఈ పరీక్షలు జరిపేది జాతీయ ఉత్ప్రేరక నిరోధక సంస్థ. స్థానిక పోటీలో పాల్గొన్నంత మాత్రాన పరీక్షకు అతీతులమని భావించరాదు. వ్యాయామశాలలలో విక్రయించే పొడులు, మాత్రలలో డబ్బాపై పేర్కొనని పదార్థాలు కలిసి ఉండవచ్చును. తెలియక తీసుకున్నామనే వాదన లిఫ్టర్‌ను పూర్తిగా కాపాడదు. తన శరీరంలోనికి పోయే ప్రతి పదార్థానికి క్రీడాకారుడే బాధ్యుడన్నది ఆ నియమావళి మూలసూత్రం. వైద్యుడు రాసిన మందులు వాడుతున్నవారు కూడ నిషిద్ధ జాబితాను ముందుగా సరిచూచుకోవలెను.

భారతదేశంలో

బలప్రదర్శన తెలుగువారికి కొత్త కాదు. ఉత్తరాంధ్ర గ్రామాలలో సంగిడి రాళ్ళు ఎత్తే పోటీలు సంప్రదాయంగా ఉండేవి. కలియుగ భీముడని పేరుపొందిన కోడి రామమూర్తి నాయుడు వీరఘట్టానికి చెందినవాడు. బార్‌తో ఆడే నేటి క్రీడ మాత్రం 1970 దశకం తరువాత వ్యాప్తి చెందినది. 1981లో పురుషుల ప్రపంచ పవర్‌లిఫ్టింగ్ పోటీలు కలకత్తాలో జరిగినవి. కొందరు భారతీయ పవర్‌లిఫ్టర్లకు అర్జున అవార్డు లభించినది. పారా పవర్‌లిఫ్టింగ్‌లో రాజిందర్ సింగ్ రహేలు 2004 ఏథెన్స్ పారాలింపిక్స్‌లో కాంస్యం, సుధీర్ 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం గెలిచారు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలలో క్రీడల కోటాకు గుర్తించిన క్రీడల జాబితాలో పవర్‌లిఫ్టింగ్ ఉన్నది. అందువలన చిన్న పట్టణాల యువతకు పోటీ ధ్రువపత్రం విలువైనది. అయితే సమాఖ్యలు అనేకం ఉన్నందున, ప్రతి ధ్రువపత్రం ఉద్యోగానికి పనికిరాదు. నిర్వాహక సంఘానికి తగిన గుర్తింపు ఉన్నదా, ఆ పోటీ ఏ స్థాయిదిగా పరిగణింపబడుతుంది అన్న విషయాలను ప్రవేశ రుసుము చెల్లించుటకు ముందే విచారించుకోవలెను.

ఇవి కూడా చూడండి

వెయిట్‌లిఫ్టింగ్
కరణం మల్లీశ్వరి
కోడి రామమూర్తి నాయుడు
పారాలింపిక్ క్రీడలు